ముజమ్మిల్ గొంతు

దోలేబ్ సినిమా హాలు మేడ మీద ప్రొజెక్టర్ గదిలోకి మాకంటే ముందే ఒకడు దూరి కూర్చున్నాడు. తెంపిన కేబుళ్ళు చుట్టూ కుప్ప పోసుకుని, పైతోలు ఒలిచి రాగి తీగని చుట్టలు చుడుతున్నాడు. తలుపు చప్పుడుకి వాడు తల తిప్పేలోపే బాబికిర్ వాడి మీద పడ్డాడు.

బాబికిర్ ఆ గదిలో సినిమాలు వేసిన మనిషి. రీళ్ళ కాలం నుంచి డిస్కుల కాలం దాకా ఆయన కాపురమంతా అక్కడే. చేతిలో ఉన్న రెంచీతో మొదటి దెబ్బ మోచేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నేను కలాక్లా పేటలో మందుల షాపు నడిపేదాన్ని, విరిగిన చేతుల్ని చాలా చూశాను. విరుగుతుంటే వినడం అదే మొదలు.

"పిల్లలున్నారు బాబాయ్, పిల్లలున్నారు," అన్నాడు వాడు చెయ్యి పట్టుకుని పొర్లుతూ.

"ఊళ్ళో అందరికీ ఉన్నారు," అని బాబికిర్ డొక్కలో ఇంకోటి వేశాడు.

నేనూ రెండు తన్నాను. మంచిదాన్నని ఎవరికీ మాటివ్వలేదు. పైగా వాడి ఒళ్ళో ఉన్నదేమిటో నాకప్పటికే కనబడింది. సినిమా ఆడించే సర్వర్ అంటే గోడ పక్కన నిలబడ్డ నల్ల పెట్టె. దాని ముందువైపు మూడు డిస్కులు పెట్టే మూడు అరలుంటాయి. ఒక అర ఖాళీగా ఉంది. అందులోది ఊడబీకి, మూత పగలగొట్టి, లోపలి పళ్ళాన్ని వెండనుకుని మేకుతో గీకి చూస్తున్నాడు ఆ మహానుభావుడు.

"ఒకటి పోయింది," అన్నాడు బాబికిర్.

మా తమ్ముడు ముజమ్మిల్ మూడేళ్ళు తిరిగి తీసిన సినిమా ఆ పెట్టెలో ఉంది. తెల్ల నైలులో చేపలు పట్టేవాళ్ళ మీద తీశాడు. యుద్ధం మొదలవడానికి కొద్దిగా ముందు బాబికిర్‌ని బతిమాలి, ఖాళీ హాల్లో ఒక్కసారి తెర మీద వేయించుకుని చూసుకున్నాడు. తరవాత మా ఇంట్లో వాడి గది మీద గుండు పడింది. వాడు పోయాడు, వాడి కంప్యూటరూ పోయింది. సినిమా కాపీలన్నీ ఒకే బీరువాలో పెట్టుకున్నాడు, అంత జాగ్రత్తపరుడు మరి. ఎక్కడికైనా పంపి ఉంచొచ్చు కదా అంటారేమో, మా ఊరి నెట్‌తో అంత పెద్ద ఫైలు పంపడమంటే నైలుని చెంచాతో తోడటమే. నా ఫోనూ అమ్మ ఫోనూ మొదట్లోనే తుపాకులవాళ్ళు లాక్కున్నారు. వాడి గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఆ సినిమాలో మాత్రం మొదటి నుంచి చివరిదాకా వాడే మాట్లాడతాడు.

అమ్మ ఏడవలేదు. తిండి మానేసింది. ఒకరోజు గోడకి చేరగిలబడి, "వాడి గొంతు మరిచిపోతున్నానే సిత్తనా," అంది. "నిన్న వాడు పిలిచినట్టు అనుకుందామని చూశాను. మీ నాన్న గొంతు వచ్చింది." ఆ మాట విన్నాక నేను ఇంట్లో ఉండలేకపోయాను. బాబికిర్‌ని వెతుక్కుంటూ పోయాను.

"మిగతా రెండిటితో పనవుతుందా బాబాయ్?" అనడిగాను.

"అవుతుంది. ఈ పెట్టె పీనాసిది అమ్మాయ్. లోపలికి మింగుతుంది గాని బయటికి కక్కదు. అందుకే డిస్కులే పీకాలి. సినిమాని మూడు డిస్కుల మీదా ముక్కలు చేసి పరుస్తుంది. ఒకటి పోతే మిగతా రెండూ కలిసి ఆ పోయినదాన్ని గుర్తు చేసుకుంటాయి. రెండోది పోయిందంటే..."

"పోతే?"

"పోతే మీ అమ్మకి నువ్వే చెప్పుకో."

"తాళాలేవో ఉంటాయటగా సినిమాలకి?"

"బయటి దేశాల సినిమాలకుంటాయి. మీవాడి చేపల సినిమాకి తాళం దేనికి, ఎవడెత్తుకుపోతాడని?" అని నడుముకున్న పొడుగు స్క్రూడ్రైవర్ తీసి పెట్టె ముందు కూర్చున్నాడు.

ఆయన మరలు విప్పుతుంటే నేను ఆ దొంగ చెయ్యి చూశాను. వాడు ఒలిచిన కేబుల్ తోలుతోనే, రెండు చెక్క ముక్కలు పెట్టి కట్టు కట్టాను. తిడుతూనే కట్టాను. వాడు ఏడుస్తూ దీవించాడు.

"కొట్టేది నేను, కట్టేది నువ్వు. బాగుంది మన వ్యాపారం," అన్నాడు బాబికిర్ వెనక్కి తిరక్కుండా.

రెండు డిస్కులూ పాత గుడ్డలో చుట్టి, కింద గాడిద బండి మీదున్న బొగ్గుల బస్తాలో అడుగున దాచాం. గాడిద బాబికిర్ పొరుగింటివాళ్ళది, దానికి నా కంటే కోపమెక్కువ. రోడ్డు మీద కాలిన బస్సు పక్కన ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు, కుక్కలు అప్పటికే వచ్చాయి. బాబికిర్ రాయి విసిరాడు. కుక్కలు రెండడుగులు వెనక్కి జరిగి మేం పోయేదాకా ఆగాయి. ఇళ్ళల్లోంచి ఎత్తుకొచ్చిన పరుపులూ ఫ్రిజ్‌లూ దారి పొడుగునా పడున్నాయి. వాటిని మోసుకుపోలేక వదిలేసినవాళ్ళే మళ్ళీ వచ్చి ఒకరినొకరు కాల్చుకున్నారని బాబికిర్ చెప్పాడు.

దోచేసిన రొట్టెల దుకాణం మలుపులో రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. పోయేటప్పుడు అక్కడ ఎవరూ లేరు. ఇప్పుడు ఒకడు కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్ళో తుపాకీ ఉంది. తలకి చుట్టుకున్న గుడ్డలోంచి కళ్ళూ ముక్కూ కనిపిస్తున్నాయి. మా ముజమ్మిల్ ఈడువాడే.

"ఏముంది బస్తాలో?"

"బొగ్గులయ్యా," అన్నాడు బాబికిర్.

"బొగ్గుల కోసం ఈ తుపాకుల మధ్యకొచ్చావా ముసలోడా?"

"వంట చేసుకోవాలిగా బాబూ. పచ్చిపిండి తినలేం."

వాడు నవ్వాడు. నవ్వుతూనే కుర్చీ పక్కనున్న ఇనప చువ్వ తీసి బస్తాలోకి దించాడు. ఒకసారి దించితే ఏం లేదు. రెండోసారి టంగుమంది. బస్తా తిరగేసి తన్నాడు, బొగ్గుల్లోంచి గుడ్డ మూట జారింది. విప్పి చూశాడు.

"ఇవేంటి?"

"పాత రేడియో సామానయ్యా," అన్నాడు బాబికిర్. ఆ ఒక్క అబద్ధం చెప్పకపోయినా బాగుండేది.

"రేడియోనా? నన్ను చూస్తే అడివిలోంచి వచ్చిన ఎద్దులా కనబడుతున్నానా నీకు? ఇవి గోడ కెమెరాల డబ్బాల్లో ఉండే డిస్కులు. మావాళ్ళ మొహాలున్నాయి ఇందులో. ఎవరికి అమ్ముతున్నావ్?"

"కాదు నాయనా, సినిమా..."

ఆ మాట పూర్తి కాలేదు. తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు. బాబికిర్ బండి మీంచి కింద పడ్డాడు, పళ్ళు రెండు మట్టిలో కనబడ్డాయి. లేవబోతే మోకాలికి గురిపెట్టి కాల్చాడు. బాబికిర్ అరవలేదు. మట్టి కరుచుకుని మూలిగాడంతే. గాడిద ఎగిరెగిరి తాడుకి చిక్కుకుంది.

పక్క ఇంటి పెరట్లోంచి ఎవరిదో గొంతు వినబడింది. "ఏంటి బిరేమా?"

"కుక్క," అన్నాడు వీడు.

"ఒక్క తూటాతో చాలించు. టీ మరుగుతోంది."

బిరేమా డిస్కులు రెండిటినీ రోడ్డు మీద పక్కపక్కన పెట్టాడు. తుపాకీ తిరగేసి పట్టుకుని ఎత్తాడు. అప్పుడు నేనేం ఆలోచించానో చెప్పలేను, ఆలోచించలేదు కాబట్టి. వెళ్ళి డిస్కుల మీద బోర్లా పడ్డాను. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది పక్కటెముకల మీద పడితే ఊపిరి ఆగిపోయింది. జుట్టు పట్టి లాగాడు, రాలేదు నేను. బూటు కాలితో నడుం మీద తన్నాడు.

"లే. లేకపోతే వాటితో పాటు నీ తలా పగులుతుంది."

"పగలగొట్టు," అన్నాను. "నా తమ్ముడి గొంతు ఇది. వాడు చచ్చిపోయాడు. వాడి గొంతు ఇంకెక్కడా లేదు. నా తల పగలగొట్టి, తరవాత దీన్ని పగలగొట్టు."

మూడో దెబ్బ పడలేదు. కాసేపటికి తల తిప్పి చూశాను. తుపాకీ ఇంకా గాల్లోనే ఉంది.

"ఎవరు చచ్చిపోయారు?"

"నా తమ్ముడు ముజమ్మిల్."

"ఎప్పుడు?"

"పండగ వెళ్ళాక. ఇంటి మీద గుండు పడి."

"ఎవరి గుండు?"

"పడే గుండు మీద పేరు రాసి ఉంటుందా? మీదో, వాళ్ళదో. వాడు మాత్రం మావాడు."

వాడు నా వైపే చూస్తున్నాడు. తలగుడ్డ కిందికి లాక్కున్నాడు. నూనూగు మీసాలు, పగిలిన పెదవులు. తుపాకీ బండి చక్రానికి ఆనించి, నా ఎదురుగా గొంతుక్కూర్చుని, అరచేతులు రెండూ పైకెత్తాడు.

"అల్ ఫాతిహా," అన్నాడు మెల్లిగా.

మా దగ్గర అంతే. మనింట్లో చావు జరిగిందని తెలిసినవాడు ముందు రెండు చేతులూ ఎత్తి చచ్చిపోయినవాడి కోసం ఫాతిహా ప్రార్థన చదవాలి. తరవాతే ఏ మాటైనా. అప్పులవాడైనా, కోర్టులో ఎదుటి పక్షంవాడైనా అంతే. చదవకపోతే వాడి తల్లిని తిడతారు. దానికి రెండు చేతులూ కావాలి, చేతుల్లో ఏముంటే అది కింద పెట్టాలి. వీడినీ ఎవరో తల్లి అలాగే పెంచింది. నేను లేచి కూర్చుని చేతులెత్తాను. బొగ్గు మసితో నావి నల్లగా ఉన్నాయి. వాడివీ అంతే.

వాడు కళ్ళు మూసుకున్నాడు, పెదవులు కదులుతున్నాయి. వాడి వెనక బాబికిర్ కదిలాడు.

మోచేతుల మీద పాకుతున్నాడు. మోకాలి వెనక రక్తం చారలా వస్తోంది. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంది. దగ్గరికొచ్చి ఆగి నా ముఖంలోకి చూశాడు. అడుగుతున్నాడని తెలుసు నాకు. వద్దని తల ఊపితే ఆగేవాడు.

నేను చదవడం అప్పటికే అయిపోయింది. చేతులు ముఖానికి రాసుకుని దించాలి. దించితే వాడూ దించుతాడు. దించాక ఆ చేతులు తుపాకీ మీదికి పోతాయో, డిస్కులు తీసి నా ఒళ్ళో పెడతాయో ఎవరికి తెలుసు? రెండూ జరగొచ్చు. కొట్టడం ఆపేశాడు కదా, పోనిస్తాడేమో అని కూడా అనిపించింది. గోడకి చేరగిలబడ్డ అమ్మ గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది, భయమేసింది. చేతులు మాత్రం దించలేదు. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి పైకి, ఒక్కొక్క మాటా సాగదీస్తూ చదివాను. పెద్దక్క తమ్ముడి కోసం ఇంకోసారి చదువుకుంటోందనుకున్నాడు కాబోలు, వాడూ చేతులు దించకుండా నాతో పాటు మళ్ళీ అందుకున్నాడు.

స్క్రూడ్రైవర్ చెవి కింద దిగింది. బాబికిర్ ఎడమ చెయ్యి వాడి నోటిని మూసేసింది. వాడి కళ్ళు తెరుచుకున్నాయి, నన్నే చూశాయి. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. అన్నం పెడతానని పిలిచి కొడితే పిల్లలు అలా చూస్తారు. బాబికిర్ లాగి మళ్ళీ పొడిచాడు. రక్తం నా ముఖం మీద పడింది, వెచ్చగా ఉంది. వాడి అరచేతులు ఇంకా పైకే ఉన్నాయి, వేళ్ళు కొట్టుకుంటున్నాయి. ఫాతిహా మధ్యలో ఆపకూడదంటారు. నేను ఆపలేదు. నేను చదవడం పూర్తయ్యేసరికి వాడు బాబికిర్ ఛాతీ మీదికి ఒరిగిపోయాడు.

"బిరేమా, చక్కెర ఎంత వెయ్యను?" అని పెరట్లోంచి అడిగారు.

"బిరేమా?" అని ఇంకోసారి పిలిచారు. నేను తుపాకీ అందుకున్నాను. ఎప్పుడూ పట్టుకోలేదు, ఇంత బరువుంటుందని తెలియదు. గేటు తెరుచుకుంది. రెండు గ్లాసులు పట్టుకుని బనీనుతో ఒకడు బయటికొచ్చాడు, పెద్ద పొట్ట, వాడి చేతిలో ఆయుధం లేదు. మమ్మల్ని చూశాడు, కింద పడున్నవాణ్ణి చూశాడు, గ్లాసులు వదిలేశాడు. నేను నొక్కాను. అది నా చేతుల్లో ఎగిరింది. గేటుకి చిల్లులు పడ్డాయి, గోడ పెళ్ళలు రాలాయి, వాడు పొట్ట పట్టుకుని గడప మీద కూలబడి పెద్దగా ఏడవడం మొదలుపెట్టాడు. చచ్చాడో బతికాడో నాకు తెలియదు. ఆ ఏడుపు చాలా దూరం వినబడింది.

బాబికిర్‌ని బండి మీదికి ఎలా ఎక్కించానో గుర్తు లేదు. నా పక్కటెముకలు రెండు విరిగాయని తరవాత తెలిసింది. తాడు తెంచాను. చప్పుళ్ళకి బెదిరిన గాడిద ఎవరూ కొట్టకుండానే పరిగెత్తింది. డిస్కులు రెండూ నా ఒళ్ళో ఉన్నాయి. బాబికిర్ మోకాలి పైన నా తలగుడ్డ బిగించి కట్టాను. పళ్ళూడిన నోటితో ఆయన ఏదో అన్నాడు, వంగి విన్నాను.

"ఫాతిహా అయిపోయిందా?"

"అయిపోయింది బాబాయ్. మాట్లాడకు."

"రెండోసారి చదివింది ఎవరికి?"

నేను ఆయన మోకాలి కట్టు ఇంకాస్త బిగించాను.

అమ్మనీ బాబికిర్‌నీ తీసుకుని మదనీ ఊరికి చేరాం. బాబికిర్ కాలు మోకాలి పైకి తీసేశారు. అక్కడ ఆయన మేనల్లుడు కంప్యూటర్ల పని చేస్తాడు. డిస్కులు వాడి చేతిలో పెట్టాం. చాలా రోజులు కుస్తీ పట్టి, ఒక మధ్యాహ్నం పిలిచాడు.

నలుగురం ఒక్క గదిలో కూర్చున్నాం. తెర మీద నది కనబడింది, ఒక పడవ, వలలు దులుపుతున్న ముసలాయన. ముజమ్మిల్ గొంతు వచ్చింది. "మా అమ్మకి చేపలంటే గిట్టదు," అన్నాడు, పక్కన కూర్చుని చెబుతున్నట్టు. "అందుకని ఈ సినిమా ఆవిడకి మాత్రం చూపించను. చొక్కా వాసన చూసి ఎలాగూ కనిపెట్టేస్తుంది."

"అబద్ధాలకోరు," అంది అమ్మ. నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. వాడు పోయాక అమ్మ ఏడవడం అదే మొదటిసారి, సినిమా అయ్యేదాకా ఏడ్చింది. మధ్యమధ్యలో వాడికి సమాధానాలు కూడా చెప్పింది. నాకు ప్రాణం కుదుటపడింది. ఇందుకోసం ఏం చేసినా తప్పు లేదనిపించింది ఆ కాసేపూ.

అయిపోయాక ముఖం కడుక్కుని వచ్చి, ఇన్నాళ్ళకి అన్నం అడిగి తింది. తింటూ తన పాత లెక్క ఎత్తుకుంది. చావింటికి ఎవరు వచ్చి ఫాతిహా చదివారో, ఎవరు చదవలేదో మా అమ్మకి కంఠతా ఉంటుంది. చదవనివాళ్ళని ఏడు తరాలు గుర్తు పెట్టుకుంటుంది.

"యుద్ధం పేరు చెప్పి మీ మేనత్త కూడా రాలేదు. పోనీ, మీరిద్దరూ అంత దూరం పోయొచ్చారు కదా, దారిలో ఒక్కడైనా నా బిడ్డకి ఫాతిహా చదివాడా?"

బాబికిర్ నా వైపు చూశాడు.

"ఒకడు చదివాడమ్మా," అన్నాను.

"ఎవరు?"

"బిరేమా అని. తాడు కట్టి అడ్డంగా కూర్చున్నవాడు."

"వాళ్ళల్లోవాడా?" అమ్మ చేతిలో ముద్ద ఆగింది. "తుపాకీ పట్టుకునే చదివాడా?"

"కింద పెట్టి చదివాడు. నాతో పాటు రెండుసార్లు చదివాడు."

అమ్మకి మళ్ళీ కళ్ళనీళ్ళు తిరిగాయి. చెయ్యి కడుక్కుని, తడి చేతులు రెండూ పైకెత్తింది.

"దేవుడా, వాణ్ణి కన్నతల్లి కడుపు చల్లగా ఉండాలి. నా బిడ్డ నాకు దక్కలేదు. ఆవిడ బిడ్డ క్షేమంగా ఇంటికి చేరాలి," అంది.

బాబికిర్ కర్రలు వెతుక్కుని, గోడ పట్టుకుని లేచి బయటికి పోయాడు. ఆయనకేమైందని అమ్మ అడిగింది. కాలు నొప్పన్నాను. ఆమీన్ అనమని ఆవిడ చేతులు దించకుండా నా కోసం చూస్తోంది. నేను అన్నాను.